వేలు చూపరాదు

తప్పెవరిదని విచారించగా విచారించగా, చివరికి తప్పు "ఇది" అనే మాటదేనని తేలింది.

జరిగిన సంగతి చిన్నదే. ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ పళ్ళాసుపత్రిలో ఓ పెద్దమనిషికి పుచ్చిపన్ను వదిలేసి, దాని పక్కనున్న గట్టి పన్ను పీకారు. పీకబోయే ముందు డాక్టరు గారు పటకారుతో ఒక పన్ను తట్టి "ఇదేనా?" అని అడిగారు. నోటినిండా దూది కుక్కించుకున్న పెద్దమనిషి "అదే" అన్నాడు. పెద్దమనిషి మనసులో ఉన్న పన్ను ఒకటి, డాక్టరు గారి పటకారులో ఉన్న పన్ను ఒకటి. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఊళ్ళో పేర్లు ఇప్పటికే పడాల్సిన పాట్లు పడ్డాయి.

గొడవైంది. విచారణ సంఘం వేశారు. పన్ను పీకిన వామదేవరావు గారు ఆ ఆసుపత్రికి సూపరింటెండెంటు కూడా కావడం వల్ల, హోదా రీత్యా సంఘానికి ఆయనే అధ్యక్షులయ్యారు. సంఘం ఎవరి మొహమాటానికీ పోలేదు. నివేదికలో ఇలా రాసింది: "డాక్టరు వైపు లోపము లేదు. రోగి వైపు లోపము లేదు. 'ఇది', 'అది' అను పదములు ఒకరి నోట ఒక వస్తువును, మరొకరి నోట మరొక వస్తువును సూచించుటయే ప్రమాదమునకు మూలకారణము. ఈ అస్థిర పదములను వైద్యశాల ఆవరణము నుండి సమూలముగా తొలగించవలెను." చివరి వాక్యం మొదట్లో "ఈ" అని ఒక అస్థిర పదం దొర్లిందని అచ్చయ్యాక గమనించి, ప్రతి కాపీలోనూ తెల్ల రంగు పూయించారు.

సూపరింటెండెంటు గారు సిబ్బందినందరినీ సమావేశపరిచి ఉపన్యాసం ఇచ్చారు. "మిత్రులారా! వేలు పెట్టి చూపించడం ఆదిమానవుడి లక్షణం. నాగరికుడు పేరు పెట్టి పిలుస్తాడు. ప్రతి వస్తువుకీ ఒక పేరు, ప్రతి పేరుకీ ఒక వస్తువు. మధ్యలో వేలితో ఏం పని?" అన్నారు. సిబ్బంది చప్పట్లు కొట్టారు.

ఆ వారంలోనే "ఇది, అది, ఇక్కడ, అక్కడ, ఇటు, అటు" అన్నీ నిషేధమయ్యాయి. "ఎవరి ఎడమ?" అనే అనుమానం రావడంతో ఎడమా కుడీ కూడా పోయాయి. "నేను" అనే మాట ఎవరంటే వాళ్ళని సూచిస్తోంది కాబట్టి, దాని వాడకాన్ని సూపరింటెండెంటు, ఆ పై స్థాయి వారికి పరిమితం చేశారు. చిక్కల్లా "రేపు" దగ్గర వచ్చింది. అదీ రోజుకో రోజుని సూచించే మాటే. కానీ "రేపు రండి" అనకుండా కౌంటర్లు నడపలేమని గుమాస్తాల సంఘం సమ్మె నోటీసు ఇచ్చింది. ఆసుపత్రిలో "రేపు" అన్నప్పుడు ఏనాడూ ఏ రోజునీ ఉద్దేశించి అనలేదని గుమాస్తాలు రుజువులతో సహా చూపించారు. దేన్నీ సూచించని మాట ప్రమాదకరం కాదని ఒప్పుకుని, సూపరింటెండెంటు గారు దానికి మినహాయింపు ఇచ్చారు.

తర్వాత నామకరణాలు. వరండాలో కుర్చీలకు నదుల పేర్లు పెట్టారు, గోడలకు పర్వతాల పేర్లు. "ఈ గోడపై ఉమ్మివేయరాదు" అన్న చోట "వింధ్యపై ఉమ్మివేయరాదు" అని రాశారు. వింధ్యతో తమకేం పేచీ లేదు గనక జనం నిశ్చింతగా గోడమీద ఉమ్మారు. మెయిన్ రోడ్డులో "దంత వైద్యశాల" అని బాణం గుర్తున్న బోర్డుంటే, బాణం కూడా వేలు లాంటిదేనని చెరిపేశారు.

ఆ బాణం లేకపోవడంతోనే నాదస్వర విద్వాంసుడు దరియావలి, ఆయన పక్కన డోలు వాయించే ఆదెయ్యా, దారి తెలీక ఊరంతా చుట్టి మిట్టమధ్యాహ్నానికి ఆసుపత్రి గేటు చేరారు.

దరియావలిది చీరాల దగ్గర పల్లె. తాతల నాటినుంచీ నాదస్వరమే ఇంటి విద్య. నెత్తిన తెల్ల టోపీ, నుదుట నమాజు మచ్చ, చేతిలో మంగళవాద్యం. ఆ ప్రాంతంలో పెద్ద పెళ్ళి జరిగితే ఆయన లేకుండా తాళి కట్టేవారు కాదు. అంతటి మనిషికి కింది దవడ పన్ను ఒకటి పుచ్చి, బుగ్గ బూరెలా పొంగింది. ఊపిరి బిగబట్టి నాదస్వరంలోకి ఊదగానే ఆ పన్నులోంచి నొప్పి చెవిదాకా లాగుతోంది. వేటపాలెంలో పెళ్ళి ఒప్పుకున్నాడు, ముహూర్తం వచ్చే వారమే. ఆ పన్ను తీయించుకుంటే గానీ పెళ్ళికి పోలేడు. ముందు పళ్ళు నాలుగూ మాత్రం ఆయనకి ప్రాణంతో సమానం. పై పెదవికి వెనక పన్ను ఆనుకుని ఉంటేనే నాదస్వరం కొసన నోట పెట్టుకుని ఊదే పీక మీద పట్టు దొరికేది, గాలి నిలిచేది. తమలపాకు తిన్నా కూడా ముందు పళ్ళకి తగలకుండా దవడకి పెట్టుకుని నమిలేవాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఇద్దరినీ ఆపి, కుడిచేతులు చాపమన్నాడు. చూపుడు వేళ్ళకి ఖాకీ గుడ్డతో కుట్టిన తొడుగులు వేసి, మణికట్టుకి తాడు చుట్టి ముడేశాడు.

"ఏందయ్యా ఇది?" అన్నాడు ఆదెయ్య.

"అదిగో, ఆ మాటే అనకూడదు!" అని వాచ్‌మన్ కసిరి, తనూ "అదిగో" అన్నందుకు నాలిక కరుచుకుని చుట్టూ చూశాడు. "వేలు చూపడం నిషేధం బాబూ. పోయేటప్పుడు విప్పుతా."

"మా అన్న వేళ్ళతో బతికేటోడయ్యా. ఇట్టా కట్టేస్తే రక్తం ఆడొద్దా?"

"డోలు వాయించే వాళ్ళకీ కడతన్నాం. పోండి, పోయి గోదావరిలో కూర్చోండి."

గోదావరి ఏ కుర్చీయో తెలియక ఇద్దరూ కాసేపు నిలబడి, ఖాళీగా ఉన్న దాంట్లో కూర్చున్నారు. అది కృష్ణ అని ఆయా వచ్చి లేపింది. గోదావరి ఏదమ్మా అని అడిగితే, చెప్పాలంటే చూపించాలి కాబట్టి చెప్పకుండా వెళ్ళిపోయింది.

చివరికి దంత నామకరణ విభాగం అనే కిటికీ దగ్గర పిలుపొచ్చింది. కిటికీ వెనక నామకరణాధికారి హరగోపాలం గారు కళ్ళజోడు సర్దుకుని కూర్చున్నారు. ఆ పదవి కొత్తది. వెనక ఆయన పురిటి ఆసుపత్రిలో జనన ధ్రువపత్రాలు రాసేవారు. అనుభవం కలిసొస్తుందని తీసుకొచ్చారు.

"పన్ను పేరు?" అన్నారు హరగోపాలం గారు.

"పన్నుకి పేరేందండీ?"

"పేరు లేనిదాన్ని పీకడం ఎట్లా? మీ నోట్లో ముప్ఫై చిల్లర పళ్ళున్నాయి. అన్నిటినీ పన్ను అంటే ఏం న్యాయం? దంతానికి దరఖాస్తుదారుడే పేరు పెట్టాలి. తర్వాత దాని లక్షణం చెప్పాలి. ఆ లక్షణం నోట్లో ఏ పన్నుకి సరిపోతే పేరు ఆ పన్నుది."

దరియావలికి పన్ను సలుపుతోంది. మర్యాదస్తుడు గనక ఊరుకున్నాడు గానీ, లేకపోతే ఇంకేదో అనేవాడు. "సైతాను అని రాసుకోండి" అన్నాడు.

హరగోపాలం గారు చక్కటి దస్తూరీతో "సైతాను" అని రాసుకున్నారు. "లక్షణం?"

"నొప్పి పెడతా ఉందండీ. అంతకంటే ఏం కావాల?"

"కుదరదు. నొప్పి మీ లోపలిది, కార్యాలయానికి కనిపించదు. పైగా నిలకడ లేనిది. నిన్న ఒకావిడ నొప్పి పెట్టే పన్ను అని రాయించుకుంది. వరసలో నిలబడి ఉండగానే నొప్పి తగ్గింది. అటువంటి పన్నేదీ ఆమె నోట్లో లేదని తేల్చి పంపేశాం."

"నల్లగుంటదండీ."

"ఆకు నమిలే నోరు. నల్లగా లేనిదేదో చెప్పండి."

"అయ్యా, నోరు తెరుస్తా. తవరే చూసుకోండి. ఇదిగో..." అని దరియావలి నోరు తెరిచి, తొడుగు వేసిన వేలు బుగ్గ దగ్గరికి తీసుకుపోయాడు.

హరగోపాలం గారు గబుక్కున మొహం తిప్పుకున్నారు. "చూడడం మా విభాగం పని కాదండీ! చూసి రాస్తే మీరు చూపించినట్టే లెక్క. నా ఉద్యోగం పోతుంది. వేలు దించండి."

వెనక వరసలో జనం గొణుగుతున్నారు. ఆదెయ్యకి కోపం వచ్చింది. "ఏంది సార్ ఈ గోల! ఆ పన్ను మా అన్నని నాదస్వరం వాయించనీటం లేదు. నోట పెట్టుకుంటే చాలు ప్రాణం పోతా ఉంది. పెళ్ళి దగ్గర పడింది. పీకి పడేయక ఏం మాటలు?"

హరగోపాలం గారి మొహం విప్పారింది. "భేషైన లక్షణం! నిలకడగా ఉంది, ఒక్క పన్నుకే వర్తిస్తుంది, వృత్తితో ముడిపడి ఉంది." పైకి చదువుకుంటూ రాశారు: "సైతాను అనగా, దరఖాస్తుదారుడిని నాదస్వరము వాయించనివ్వని దంతము." ముద్ర గుద్ది, "రేపు రండి" అన్నారు.

తర్వాత ఆ కాగితం నిర్ధారణ సంఘానికి వెళ్ళింది. రాసిన లక్షణం ఏ పన్నుదో తేల్చేది ఆ సంఘం. రోగి అందులోకి రాకూడదు, ఎందుకంటే రోగి వస్తే చూపిస్తాడు. బల్లమీద సున్నపు ముద్దతో చేసిన నమూనా నోరు ఒకటుంది. అధ్యక్ష స్థానంలో వామదేవరావు గారు, అటూ ఇటూ ఇద్దరు పెద్ద డాక్టర్లు, చివర్న కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టర్ హిమబిందు కూర్చున్నారు.

"తర్కం చాలా సూటిగా ఉంది" అన్నారు సూపరింటెండెంటు గారు. "నాదస్వరం నోటికి ఎక్కడ పెడతారు? ముందు భాగాన. ముందు భాగాన ఏముంటాయి? ముందు పళ్ళు. పీక ఏ వరసకి ఆనుతుంది? పై వరసకి. కాబట్టి వాయించనివ్వని దంతం పై వరసలో ముందు దంతం."

"సార్, వరండాలో ఆయన్ని చూశాను" అంది హిమబిందు. "బుగ్గ వాచి ఉంది. పుచ్చింది దవడ పన్ను. కింద, ఎడమ..."

"అస్థిర పదం, డాక్టర్!"

"పోనీ, ఒక్కసారి ఆయన నోరు తెరిపించి చూడండి సార్."

"చూస్తే అభిప్రాయం ఏర్పడుతుంది" అన్నారు వామదేవరావు గారు జాలిగా. "అభిప్రాయం నిర్ధారణకి శత్రువు. అమ్మా, మీరు చూసిన పన్ను పేరేమిటి?"

"దానికి పేరు లేదు సార్."

"మరి సైతాను అని పేరున్న పన్నుని కాదని, పేరైనా లేని పన్నుని పీకమంటారా? పత్రికలవాళ్ళు ఏమంటారు?"

మిగతా ఇద్దరు డాక్టర్లూ తలలూపారు. సైతాను అనగా పై వరుస ముందు దంతమని తీర్మానం అయింది. ఆ పని తన చేత్తో చెయ్యలేనని హిమబిందు అంది. కొత్త విధానంలో ఇదే తొలి దంతం కాబట్టి, తానే స్వహస్తాలతో పీకుతానని సూపరింటెండెంటు గారు ప్రకటించారు. ఫోటోగ్రాఫరుని కూడా పిలిపించారు.

"రేపు" రెండుమూడు సార్లు వచ్చిపోయాక దరియావలిని కుర్చీలో పడుకోబెట్టారు. ఆదెయ్యని బయటే ఆపేశారు. హమ్మయ్య, పీడ విరగడవుతోందని దరియావలి కళ్ళు మూసుకుని అల్లా పేరు తలుచుకున్నాడు. నోరు మూసుకోకుండా దవడల మధ్య రబ్బరు దిమ్మ పెట్టారు. సూది పై పెదవి లోపల, ముందు పంటి మొదట్లో దిగింది. దరియావలి ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు. కింద దవడలో పన్ను పెట్టుకుని పైన సూది ఎందుకో ఆయనకి అర్థమయ్యేసరికి పెదవి మొద్దుబారింది.

ఆయన అరవబోయాడు. దిమ్మ అడ్డం. చెయ్యెత్తి దవడకేసి చూపబోయాడు. కాంపౌండరు తొడుగు వేలిని ఒడిసి పట్టుకుని, రెండు చేతులూ కుర్చీ చేతులకి కట్టాడు. ఇంకేం చెయ్యాలో తెలియక దరియావలి కళ్ళని గుండ్రంగా కిందికీ పక్కకీ తిప్పాడు, కింది దవడకేసి చూస్తూ.

"కళ్ళతో కూడా చూపిస్తున్నాడు సార్" అన్నాడు కాంపౌండరు.

"పాత అలవాట్లు" అన్నారు సూపరింటెండెంటు గారు క్షమించేస్తూ. రోగి కళ్ళమీద పచ్చటి గుడ్డ కప్పించారు. ఫోటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నాడో లేదో చూసుకుని పటకారు బిగించారు. ముందు పన్ను గట్టిది, ఆరోగ్యంగా ఉన్నది, తేలిగ్గా రాలేదు. చాలాసేపు పట్టింది.

గుడ్డ తీశాక దరియావలి పళ్ళెంలో తన పన్ను చూశాడు. తెల్లగా ఉంది. చిన్నప్పుడు ఇదే పన్ను మొదటిసారి ఊడి మళ్ళీ వచ్చేదాకా తండ్రి తనని నాదస్వరం ముట్టుకోనివ్వలేదు. అది గుర్తొచ్చి ఆయనకి ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే ఫోటోగ్రాఫరు, కొంచెం నవ్వమని అడిగాడు.

వేటపాలెం పెళ్ళికి వేరే మేళగాణ్ణి పిలుచుకున్నారు. డోలుకి ఆదెయ్యనే రమ్మన్నారు. ఇంట్లో పొయ్యి వెలగాలి గనక ఆదెయ్య వెళ్ళాడు. వెళ్ళేముందు దరియావలి ఇంటికొచ్చి, గుమ్మంలో తలొంచుకుని నిలబడ్డాడు. "పోయిరా తమ్ముడూ, తప్పేముంది" అన్నాడు దరియావలి. ఆ మాటలో కూడా సందులోంచి గాలి పోయింది.

దవడ పన్ను మాత్రం ఎక్కడున్నది అక్కడే సలుపుతోంది. దరియావలి మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. హరగోపాలం గారు కాగితం తిరగేశారు. "సైతాను పీకబడింది. మీకు నొప్పి పెట్టే అవకాశం లేదు."

"అయ్యా, సైతాను నోట్లోనే ఉంది. తవరు పీకింది అది కాదు."

"సైతాను అంటే ఏమిటి? నాదస్వరం వాయించనివ్వని పన్ను. అంతేనా? ఏదీ, ఇప్పుడు మీరు వాయించలేకపోవడానికి కారణం ఏమిటి?"

"ముందు పన్ను లేకపోటం."

"చూశారా! వాయించనివ్వనిది పన్ను కాదు, పన్ను లేకపోవడం. లేకపోవడాన్ని పీకే పరికరాలు మా శాఖలో లేవు."

కట్టుడు పన్నయినా ఇప్పించమని బతిమాలాడు. ఏ పన్ను స్థానంలో అని అడిగారు హరగోపాలం గారు. సైతాను స్థానంలో అన్నాడు దరియావలి. దంతంతోబాటే పేరూ రద్దయింది, లేని పేరుమీద మంజూరు కుదరదన్నారు. కావాలంటే త్వరలో రాజధాని నుంచి డైరెక్టరు గారు వస్తున్నారు, ఆసుపత్రికి ఉత్తమ సంస్థ పురస్కారం ఇవ్వడానికి. కొత్త విధానంలో తొలి లబ్ధిదారుడు మీరే కాబట్టి, సభలో మంగళవాద్యం మీ చేతే చేయించాలని సూపరింటెండెంటు గారి ఆలోచన. అప్పుడు డైరెక్టరు గారితోనే మనవి చేసుకోండి అన్నారు.

దరియావలి మెట్లు దిగుతుంటే హిమబిందు వెనకే వచ్చి, ఆదివారం తన ఇంటికి రమ్మంది. ఆదివారం ఆమె వంటింటి వెలుతుర్లో ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి "ఏదండీ?" అంది. దరియావలి వేలు పెట్టి "ఇదమ్మా" అన్నాడు. కాఫీ కాగేలోపు దవడ పన్ను బయటికొచ్చింది. "ముందు పన్ను విషయంలో నేను గట్టిగా అడ్డుపడాల్సింది. భయపడ్డానండీ" అంది ఆమె. దరియావలి ఆమెని ఓదార్చాలో, కోప్పడాలో తెలియక దూది నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

సభ రోజున ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. కుర్చీలు నిండడానికి, వైద్యానికి వచ్చిన రోగులనే తెచ్చి వరసగా కూర్చోబెట్టారు. అందరి వేళ్ళకీ ఖాకీ తొడుగులు. వాళ్ళలో చాలామంది దేన్నో పీకించుకుందామని వచ్చి, ఇంకేదో పీకించుకున్నవాళ్ళు. వేదికమీద మధ్యలో డైరెక్టరు గారు, పక్కన వామదేవరావు గారు, చివర్న హిమబిందు. కట్టుడు పన్ను గురించి మనవి చేసుకోవచ్చన్న ఆశతో దరియావలి వచ్చాడు. నాదస్వరానికి వేళ్ళు కావాలి గనక "మంగళవాద్య మినహాయింపు" కింద దరియావలి ఒక్కడికీ తొడుగు తీసేశారు.

వామదేవరావు గారు స్వాగతం పలికి, "నేను" అనే మాట అర్హత మేరకు ధారాళంగా వాడారు. తర్వాత మేళం మొదలుపెట్టమని సైగ చేశారు. ఆదెయ్య డోలు మీద దరువు అందుకున్నాడు. దరియావలి పీక పెదవుల మధ్య పెట్టుకుని ఊపిరి నింపి ఊదాడు. నాదం రాలేదు. సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు చప్పుడొచ్చింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ అదే. ఆదెయ్య చేతులు డోలు మీద ఆగిపోయాయి. అలాంటి చప్పుడు ఆ మనిషి నోట ఎన్నడూ వినలేదు వాడు.

"ఏం విద్వాంసుడు గారూ? ఒంట్లో బాగులేదా?" అన్నారు డైరెక్టరు గారు మైకులో.

"ముందు పన్ను లేదండీ. మంచి పన్ను పీకేశారు."

షామియానాలో కలకలం లేచింది. "ఎవరు పీకారు?" అన్నారు డైరెక్టరు గారు.

"పెద్ద డాక్టరు గారండీ."

ఆ మనిషి పేరు దరియావలికి తెలియదు. పళ్ళన్నిటికీ పేర్లు చెప్పించుకున్న ఆసుపత్రిలో పన్ను పీకే మనిషి పేరు రోగికి ఎవరూ చెప్పలేదు.

డైరెక్టరు గారు చిరునవ్వు నవ్వారు. "పెద్ద డాక్టరు అనే హోదా శాఖలో లేదండీ. ఎవరో చెప్పాలి."

దరియావలి నాదస్వరం చంకలో పెట్టుకున్నాడు. తొడుగు లేని కుడిచేతి చూపుడు వేలు ఎత్తాడు. తిన్నగా వేదికమీదికి చాపాడు. "ఈయనండీ."

వామదేవరావు గారు బల్లమీదున్న పురస్కారం ఫలకాన్ని ఒళ్ళోకి తీసుకుని దాన్నే చూస్తూ కూర్చున్నారు. డైరెక్టరు గారు నిబంధనలు బాగా ఎరిగిన మనిషి. గొంతు సవరించుకున్నారు. "ఆవేశపడకండి. శాస్త్రీయంగా ఆలోచిద్దాం. వేలు ఒక దిక్కుని మాత్రమే తెలుపుతుంది. ఆ దిక్కున ఒక అధికారి ఉన్నారు, నిజమే. అధికారి మెడలో పూలదండ ఉంది. వెనక తెర ఉంది. తెర వెనక గోడ, గోడ అవతల కూరగాయల మార్కెట్టు. విద్వాంసుడు గారు వీటిలో దేన్ని ఉద్దేశించారో వేలినిబట్టి తేల్చడం అసాధ్యం. దండనా? మార్కెట్టునా? కాబట్టి ఆరోపణకి లక్ష్యం నిర్ధారణ కాలేదని నమోదు చేసుకుందాం."

వేదికమీద చప్పట్లు మోగాయి. హిమబిందు మాత్రం కొట్టలేదు.

వామదేవరావు గారికి ధైర్యం వచ్చింది. అయినా ఆ వేలు అలా తనవైపే నిలిచి ఉండడం ఇబ్బందిగా ఉండి, ఏదో పని ఉన్నట్టు లేచి, వేదిక ఆ చివర ఖాళీ కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నారు. దరియావలి వేలు ఆయనతోబాటు మెల్లగా ఆ చివరికి తిరిగింది. తెర ఉన్నచోటే ఉంది. గోడ కదల్లేదు. కూరగాయల మార్కెట్టు కూడా ఎక్కడికీ పోలేదు.

ముందు వరసలో ఒకావిడ, నొప్పి తగ్గిందని పన్నే లేదనిపించుకున్నావిడ, తొడుగు వేలు పైకెత్తింది. ఆమె పక్కనున్న ముసలాయన ఎత్తాడు. వరస తర్వాత వరస, షామియానా కిందున్న రోగులందరూ ఎత్తారు. ఆదెయ్య డోలుపుల్ల ఎత్తాడు. వామదేవరావు గారు లేచి ఈ చివరికి వచ్చారు. ఖాకీ వేళ్ళన్నీ ఈ చివరికి తిరిగాయి. ఆయన తిరిగి నడిమికి వెళ్ళారు. వేళ్ళూ నడిమికి వెళ్ళాయి. హిమబిందు కుర్చీలోంచి లేచి, వాటిల్లో తన వేలూ కలిపింది. ఎక్కడ కూర్చోవాలో తోచక వామదేవరావు గారు, తనకి రక్షణగా ఉంటుందని, డైరెక్టరు గారి పక్కకి, బాగా దగ్గరగా వచ్చి నిలబడ్డారు.

డైరెక్టరు గారు ఎదురుగా ఉన్న వేళ్ళకేసి ఒకసారి, తన పక్కన నిలబడ్డ మనిషికేసి ఒకసారి చూశారు. లేచి, తన కుర్చీని తనే ఎత్తుకుని దూరంగా జరిగి కూర్చున్నారు.